పంచాయతీ నుంచి యూత్ కార్యక్రమాలకు నిధులా? డబ్బు అడగకండి, గేటు అడగండి

మీరు అడిగింది ఇది: ఊళ్ళో యూత్ కోసం ఒక వాలీబాల్ కోర్టు, చిన్న రీడింగ్ రూమ్ నడపాలనుకుంటున్నారు; దానికి పంచాయతీ నిధులిస్తుందా, సంఘం రిజిస్టర్ చేయించాలా అని. తెలంగాణలో మా ఊరి యువజన సంఘం పనులు కొన్నేళ్లుగా చూస్తున్నాను కాబట్టి ఇక్కడి సంగతే చెబుతాను. మాకు 2018 పంచాయతీరాజ్ చట్టం, ఆంధ్రలో 1994 నాటిది. కొన్ని పద్ధతులు తేడా ఉంటాయి.

ముందుగా ఒక మాట. మీ సంఘం పేర పంచాయతీ చెక్కు రాస్తుందన్న ఆశ పెట్టుకోకండి. మేం 'యువజన కార్యక్రమాలకు ఆర్థిక సహాయం' అని దరఖాస్తు పట్టుకెళ్తే మా కార్యదర్శి చదివి, పక్కన పెట్టి, అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "తమ్మీ, యూత్‌కు పైసలు అని రాస్తే రేపు ఆడిట్‌ల నేనేం జూపెట్టాలె? గేటు అని రాయి, లైట్లు అని రాయి, ర్యాకులు అని రాయి. ఏఈ వచ్చి కొలుస్తడు, ఎంబీల ఎక్కుతది, బిల్లు అయితది." ఏఈ అంటే అసిస్టెంట్ ఇంజనీర్, ఎంబీ అంటే పని కొలతలు రాసే పుస్తకం. నాకు తెలిసి ఈ విషయంలో ఇంతకంటే పనికొచ్చే సలహా ఎవరూ ఇవ్వలేదు.

ఆయన అలా అనడానికి కారణం ఉంది. పంచాయతీకి వచ్చే కేంద్ర ఆర్థిక సంఘం డబ్బులో 60 శాతం 2021-26 లెక్కలో (15వ ఆర్థిక సంఘం) తాగునీరు, పారిశుధ్యానికే కట్టేశారు. మిగిలిన 40 శాతం అన్‌టైడ్, అంటే ఫలానా పనికే అని కట్టేయనిది. దాన్ని రాజ్యాంగం 11వ షెడ్యూల్‌లోని 29 అంశాల్లో ఊరికి అవసరమైన వాటికి వాడుకోవచ్చు; జీతాలకు, ఆఫీసు ఖర్చులకు వాడకూడదు. ఆ 29 తీసి చూడండి. గ్రంథాలయాలు ఉన్నాయి, సాంస్కృతిక కార్యక్రమాలు ఉన్నాయి. ఆటల పేరు ఎక్కడా లేదు! మున్సిపాలిటీల కోసం రాసిన 12వ షెడ్యూల్‌లో మాత్రం పార్కులతో పాటు ఆటస్థలాలు కూడా రాశారు. పల్లె పిల్లలకు ఆటస్థలం ఎందుకు, పొలాలు ఉన్నాయిగా అనుకున్నారేమో. అందుకని మీ రీడింగ్ రూమ్ ధైర్యంగా గ్రంథాలయం పేరుతోనే వెళ్ళొచ్చు. కోర్టు సంగతికి వస్తే, 29వ అంశం ఉమ్మడి ఆస్తుల నిర్వహణ. ఊరి గ్రౌండ్ ఉమ్మడి ఆస్తే కదా, దాని చదును, ఫెన్సింగ్, గేటు, లైట్లు అందులోకి వస్తాయి.

కొత్త స్థలం కోసం వెతికే ముందు మీ ఊళ్ళో క్రీడా ప్రాంగణం ఉందో లేదో చూడండి. 2022లో ఉపాధి హామీ కింద ఊరూరా పెట్టారు కదా. మా ఊళ్ళో అది వైకుంఠధామం, అంటే శ్మశానం పక్కన పడింది. బోర్డు, రెండు పోల్స్, ఎక్సర్‌సైజ్ బార్, ఆపైన సర్కారు తుమ్మ. చీకటి పడితే పిల్లలు అటు పోయేవారు కాదు. కొత్తది కావాలని అడిగితే స్థలం దగ్గరే ఆగిపోతాం, అందుకే ఉన్నదాన్నే పట్టుకున్నాం: జేసీబీతో చదును, దారికి మొరం, రెండు లైట్లు. గ్రామసభలో పెద్దలు "క్రికెట్ ఆడి చెడిపోవడానికా?" అన్నారు. మా వాడొకడు లేచి కానిస్టేబుల్ ఉద్యోగాలకు పెట్టే ఈవెంట్స్ సంగతి ఎత్తాడు. అబ్బాయిలకు 1600 మీటర్ల పరుగు, అమ్మాయిలకు 800, లాంగ్ జంప్, షాట్‌పుట్. రోడ్డు మీద లారీల మధ్య పరిగెత్తమంటారా అని అడిగాడు. వెంటనే తీర్మానం రాశారు. మీరూ ఆటల పేరు కంటే ఉద్యోగాల పేరు చెప్పండి, బాధగా ఉన్నా పని చేసేది అదే.

తీర్మానం అయితే సరిపోదు, ఆ పని జీపీడీపీలో, అంటే పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఎక్కాలి. ప్రణాళిక కసరత్తు ఏటా అక్టోబర్ 2 నుంచి మొదలవుతుంది. మార్చిలో వెళ్ళి అడిగితే "వచ్చే ఏడాది చూద్దాం" అంటారు, అందులో అబద్ధం కూడా లేదు. ఈ-గ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైట్‌లో మీ ఊరి ప్రణాళిక, చెల్లింపులు ఎవరైనా చూడొచ్చు. సభకు వెళ్ళే ముందు అది చదివి వెళ్తే మీతో మాట్లాడే తీరే మారుతుంది.

అయినా పంచాయతీ దగ్గర ఏమంత మిగులుతుందని! ట్రాక్టర్ ఖర్చు, డీజిల్, కరెంటు బిల్లులు, మల్టీపర్పస్ వర్కర్ల జీతాలు, ఆపైన మొక్కల పెంపకానికి పక్కన పెట్టే పదిశాతం గ్రీన్ బడ్జెట్. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం అయిపోయి ప్రత్యేకాధికారులు వచ్చారు. 2025 డిసెంబర్‌లో ఎన్నికలు జరిగేదాకా ఆర్థిక సంఘం నిధులకూ కటకటే. సాధారణ నిధి చెక్కులు ట్రెజరీలో నెలల తరబడి ఆగడం మామూలే. పని చేసినవాడు అప్పు చేసి తిరుగుతుంటాడు. అందుకే పెద్ద పని ఒకేసారి అడగకండి.

రీడింగ్ రూమ్‌కి ఇంకో దారి ఉంది, చాలామంది పట్టించుకోరు. మీ ఇంటిపన్ను రసీదులో గ్రంథాలయ పన్ను అని ఒక గడి ఉంటుంది. 1960 గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు. పంచాయతీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టాలి. మీ ఊరు ఎంత వసూలు చేసింది, ఎంత కట్టింది అని లిఖితంగా అడగండి. ఆ జవాబు చేతిలో పెట్టుకుని జిల్లా సంస్థకు వెళ్ళి పుస్తకాలు, పేపర్లు అడగండి. మాకు గది పంచాయతీ ఇచ్చింది, పాత బడి గది. పుస్తకాలు కొన్ని అలా వచ్చాయి, పోటీ పరీక్షలవి మాత్రం మేం కొన్నాం. గ్రౌండ్‌కి అబ్బాయిలు వస్తారు, అమ్మాయిలు వచ్చేది గదికే. ముందు ఒక్కటే చేయగలమంటే నేను గదే చేయమంటాను.

ఇక నడిపే ఖర్చు: బంతులు, నెట్, పేపర్ బిల్లు, సమ్మర్ క్యాంప్‌లో కోచ్‌కి ఇచ్చేది. ఇది పంచాయతీ నుంచి రాదు. ఎంపీ నిధులూ, ఏటా 5 కోట్లున్నా, నిలిచే ఆస్తులకే. మాకు దుబాయ్, మస్కట్‌లో ఉన్న ఊరి వాళ్ళు పంపేది ఆధారం. టోర్నమెంట్‌కి లీడర్లు స్పాన్సర్ చేస్తామని వస్తారు. ఫ్లెక్సీ వరకైతే పర్వాలేదు, గ్రౌండ్‌కే ఒక పార్టీ పేరు అంటుకుంటే రెండో వర్గం పిల్లలు రావడం మానేస్తారు. మేం దసరా టోర్నీకి ఇద్దరి దగ్గరా తీసుకుంటాం, లేదంటే ఇద్దరి దగ్గరా తీసుకోం.

రిజిస్ట్రేషన్ చేయించండి. 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులు ఉంటే చాలు, జిల్లా రిజిస్ట్రార్ దగ్గర అవుతుంది. దానివల్ల పంచాయతీ డబ్బు రాదు కానీ బ్యాంకు ఖాతా తెరవొచ్చు, చందా ఇచ్చేవాళ్ళకు రసీదు ఇవ్వొచ్చు. కేంద్ర ప్రభుత్వ యువజన సంస్థ అయిన నెహ్రూ యువ కేంద్రాలు ఇప్పుడు మై భారత్ పేరుతో నడుస్తున్నాయి, వాళ్ళ దగ్గరికి వెళ్ళినా ముందు అడిగేది ఆ కాగితమే. గ్రౌండ్ లైట్లకు మాత్రం మీటరు పంచాయతీ పేరనే పెట్టించండి. సంఘం పేర పెట్టించుకుంటే ఆ బిల్లు మీ జేబులోంచే పోతుంది.