తెలుగు మీడియం ఎల్‌ఎల్‌బీకి హైదరాబాద్‌లో పని దొరుకుతుందా? – సమాధానం

వరంగల్‌లో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చివరి ఏడాదిలో ఉన్నానని, నల్సార్ లా యూనివర్సిటీ వాళ్ల ముందు తెలుగు మీడియం వాడినైన నన్ను హైదరాబాద్‌లో ఎవరు పట్టించుకుంటారని అడిగారు కదా తమ్ముడూ. పెద్ద కార్పొరేట్ ఫర్మ్‌ల మీద ఆశ పెట్టుకోకండి, అక్కడ క్యాంపస్ పేరే నడుస్తుంది. కానీ ఈ ఊళ్లో లా పనంతా అక్కడే లేదు.

ఇక్కడ భూమి కేసులకు కొదవ లేదు. ఇల్లు కొనేవాళ్లకు లోన్ ఇచ్చే ముందు బ్యాంకులు తమ ప్యానెల్ అడ్వొకేట్ (బ్యాంకు జాబితాలో ఉన్న లాయర్) దగ్గర లీగల్ ఒపీనియన్ తీసుకుంటాయి. ఆ ఆఫీసుల్లో జూనియర్ పని ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, అప్పులు చూపే సర్టిఫికెట్) తీయడం, లింకు డాక్యుమెంట్లు (ఆస్తి పాత దస్తావేజులు) వరుసలో పెట్టడం, 1954-55 ఖాస్రా పహాణీ అనే పాత భూమి రికార్డు నుంచి పేర్లు ఎలా మారాయో చూడటం. చేతిరాత దస్తావేజు గడగడా చదవగలిగితే మీ తెలుగే మీకు పెట్టుబడి. ఇంగ్లిష్ డ్రాఫ్టింగ్ మాత్రం నేర్చుకోక తప్పదు.

జీతం మొదట్లో ఖర్చులకు కూడా సరిపోకపోవచ్చు, హాస్టల్ ఫీజు లెక్క ముందే చూసుకోండి.

జడ్జి కావాలనుంటే, 2025 మే సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీస్ కావాలి. అది ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ (బార్ కౌన్సిల్‌లో లాయర్‌గా తాత్కాలిక నమోదు) తేదీ నుంచే లెక్క. కాబట్టి రిజల్ట్ రాగానే బార్ కౌన్సిల్‌కు వెళ్లండి. లాయర్లు రాయాల్సిన ఆలిండియా బార్ ఎగ్జామ్‌ను ఆ తర్వాత రాయొచ్చు.

ఈలోపు సెలవుల్లో నాంపల్లి, ఎల్బీనగర్ కోర్టుల్లో కూర్చుని ఏ సీనియర్ కేసు బాగా నడుపుతున్నారో గమనించి, ఆయన్నే నేరుగా అడగండి.