స్కూల్ లంచ్ బాకీ: అమెరికాలోని తల్లిదండ్రుల ప్రశ్నలు

ప్రశ్న: మావారు టెక్సస్‌లో పీహెచ్‌డీ చేస్తున్నారు. నెలకు 2,300 డాలర్ల స్టైపెండే మా ముగ్గురికీ ఆధారం. బాబు ప్రభుత్వ స్కూల్లో రెండో తరగతి. అక్కడి క్యాంటీన్‌ను ప్రైవేటు కంపెనీ నడుపుతోంది. లంచ్ అకౌంట్ మైనస్ 38 డాలర్లయ్యాక వేడి భోజనం మాని చీజ్ శాండ్‌విచ్ చేతిలో పెడుతున్నారు. ఉచిత భోజనానికి దరఖాస్తు పెడితే వీసాకు ఇబ్బందా?

జవాబు: ఇబ్బంది లేదు, వెంటనే పెట్టండి. ప్రభుత్వ బడిలో చదివే పిల్లవాడికి ఏ వీసా అన్నది చూడకుండా స్కూలు భోజనం ఇవ్వాలని ఫెడరల్ చట్టంలోనే ఉంది. గ్రీన్‌కార్డు వేళ చూసే ‘పబ్లిక్ చార్జ్’ (ప్రభుత్వ సాయంపైనే ఆధారపడతారా అన్న) లెక్కలోకీ 2022 నిబంధనల ప్రకారం ఇది రాదు.

2025-26లో ముగ్గురున్న కుటుంబానికి ఏడాదికి 34,645 డాలర్ల లోపైతే భోజనం ఉచితం. 49,303 లోపైతే ఒక లంచ్‌కు 40 సెంట్లకు మించి తీసుకోకూడదు. మీది 27,600 కాబట్టి ఉచితమే. పన్ను కోయకముందు మొత్తం రాయండి. ఫారంపై మీరు సంతకం పెడుతూ మీకు సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోతే, ‘నంబరు లేదు’ అన్న గడిలో టిక్ పెడితే చాలు. ఆ గడి, సంతకం ఖాళీగా వదిలేస్తే ఫారం వెనక్కొస్తుంది.

ఫారం క్యాష్ కౌంటర్‌లో కాదు, స్కూల్ డిస్ట్రిక్ట్ (మీ ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లను నడిపే సంస్థ) న్యూట్రిషన్ ఆఫీసులో ఇవ్వండి. వంట కంపెనీదే అయినా అర్హత తేల్చే బాధ్యత డిస్ట్రిక్ట్‌దే. స్కూలు నడిచే పది రోజుల్లోగా జవాబు చెప్పాలి. మంజూరైనా పాత 38 డాలర్లు వాటంతటవే పోవు. దరఖాస్తు ఆలస్యం చేస్తే ఆ బాకీ పెరుగుతుంది. అయితే ఉచిత అర్హత వచ్చిన పిల్లవాడికి పాత బాకీ సాకుతో పూర్తి భోజనం ఆపడానికి వీల్లేదు. అసలు పెద్దల బిల్లుకు పిల్లవాడి పళ్లెం మార్చడమే మాకు తప్పనిపిస్తుంది.

శరదృతువులో కొన్ని దరఖాస్తులను తనిఖీకి ఎంచుతారు. ఆదాయ పత్రాలు అడుగుతూ ఉత్తరం వస్తే గడువులోపు పంపండి. పట్టించుకోకపోతే ఉచితం రద్దవుతుంది.

ప్రశ్న: మా పాపకు ఉచితం మంజూరైంది. శాకాహారి. అయినా బాకీ పడుతోంది, ఎందుకు?

జవాబు: ఉచితం అన్నది ‘పూర్తి భోజనానికి’. పాలు, పండు, కూరగాయ, ధాన్యం, మాంసం లేదా దాని బదులు — ఈ ఐదింటిలో కనీసం మూడు పళ్లెంలో ఉండాలి, అందులో ఒకటి అరకప్పు పండో కూరగాయో కావాలి. కొన్ని ప్రాథమిక స్కూళ్లలో ఐదూ తీసుకోవాల్సిందే. అన్నం, పాలు మాత్రమే తీసుకుంటే విడివిడి ధర పడుతుంది. అదనపు పాల డబ్బా, చిప్స్, జ్యూస్ కూడా అంతే.

మాంసం బదులు బీన్స్, చీజ్, పెరుగు, టోఫూ చెల్లుతాయని పాపకు చెప్పండి. విడి కొనుగోళ్లు ఆపమని న్యూట్రిషన్ ఆఫీసుకు ఈమెయిల్ రాయండి. మెనూలో శాకాహారం తక్కువైతే సలహా కమిటీలో చోటు అడగండి: ప్రైవేటు కంపెనీకి క్యాంటీన్ ఇచ్చిన డిస్ట్రిక్ట్‌లో తల్లిదండ్రులు, టీచర్లు, విద్యార్థులతో అలాంటి కమిటీ ఉండాలన్నది ఫెడరల్ నిబంధన.