కడుపు పడ్డ దినం చెప్పే మాట

సందేహం: మా ఆయన బొంబాయి పని నుంచి వచ్చి 30 రోజులాయె. నాకు నెల తప్పింది. డాక్టరమ్మ చీటీల ‘ఆరు వారాలు’ అని రాసింది. మా అత్త వేళ్లు మడిచి లెక్కబెడుతున్నది. ‘నెల తప్పింది’, ‘నీళ్లోసుకుంది’... వీటిల కడుపు పడ్డ దినం చెప్పే మాట ఏది?
– ఒక సోదరి, మహబూబ్‌నగర్ జిల్లా

సమాధానం: ఏదీ చెప్పదమ్మా. ఒకటి ముందే పలుకుతుంది, ఇంకొకటి ఆలస్యంగా.

నెల అంటే చంద్రుడు. నెలవంకలో ఉన్నది ఆ నెలే. ఇక తప్పడమంటే తప్పు చేయడం కాదు. ‘పిల్లగాడు పది తప్పిండు’ అంటాం చూడండి, ఆ తప్పడమే. రావలసిన ముట్టు రాలేదని అర్థం. 28 రోజులకోసారి ముట్టయ్యేవాళ్లకు అండం 14వ రోజుకు అటూ ఇటూగా విడుదలవుతుంది. అంటే నెల తప్పిందని తెలిసేసరికి కడుపు పడి రెండు వారాలైపోతుంది.

‘నీళ్లోసుకోవడం’ ముట్టు ఆగినంక చేసే తలస్నానం నుంచి పుట్టిందని నా అభిప్రాయం. ధర్మశాస్త్రాలు ఋతుకాలాన్ని, అంటే ముట్టయిన రోజు నుంచి కడుపు పడటానికి వీలున్న కాలాన్ని, 16 రాత్రులుగా లెక్కించి, మొదటి నాలుగింటిని విడిచిపెట్టమన్నాయి. తలస్నానం తర్వాత మిగిలిన పన్నెండు చూడండి. అండం బతికేది ఒక్కరోజు. మగవాని బీజకణాలు మాత్రం లోపల ఐదు రోజుల దాకా నిలుస్తాయి. కాబట్టి కడుపు నిలిచే రోజులు సుమారు ఆరు, 9 నుంచి 14 వరకు. ఆ పన్నెండు రాత్రుల్లోనే ఇమిడిపోయాయి! (ముట్టు ఆలస్యంగా వచ్చేవాళ్లకు ఈ లెక్క కుదరదు. 35 రోజులకోసారి అయ్యేవాళ్లకు అండం మూడో వారం చివర్లో విడుదలవుతుంది.)

తలస్నానం కంటికి కనపడుతుంది, ముట్టు రాకపోవడం తెలుస్తుంది. నడుమ కడుపు పడ్డ గడియ ఎవరికీ కనపడదు, అందుకే దానికి తేదీ చెప్పే మాట పుట్టలేదు. డాక్టర్లకూ కనపడదు. వాళ్లు చివరిసారి ముట్టయిన మొదటి రోజు నుంచి లెక్కపెడతారు. మీ చీటీలోని ఆరు వారాల్లో మొదటి రెండు వారాలు కడుపులో ఏమీ లేని రోజులే. 42 లోంచి 14 తీసేస్తే 28. మీ ఆయన వచ్చి 30 రోజులన్నారు కదా, లెక్క సరిపోయింది. కొన్ని రోజులు అటూ ఇటూ కావచ్చు. తొలి నెలల్లో తీసే స్కానింగు ఇంకొంచెం కచ్చితంగా చెబుతుంది.

ఇదే కిటుకు ‘నవమాసాలు మోసి’లోనూ ఉంది. ఆస్పత్రి లెక్క 280 రోజులు, ముట్టు నుంచి. కడుపు పడ్డనాటి నుంచైతే 266. చాంద్రమాసం 29న్నర రోజులు; తొమ్మిదింతలు చేయమని మీ అత్తకే చెప్పండి, వేళ్లు ఎట్లాగూ మడిచే ఉన్నాయి.

అన్నట్టు, ‘నీళ్లాడింది’ని దీనితో కలపకండి. అది కాన్పయినప్పటి మాట.