రొమ్ములు తీయించుకోవాలా, ఏటా ఎంఆర్ఐ చాలా?

ప్రశ్న: మాది గుంటూరు, నాకు 36 ఏళ్లు. అమ్మ రొమ్ము క్యాన్సర్‌తో 47 ఏళ్లకే పోయింది. పోయినేడు అక్కకీ వచ్చింది, టెస్టులో బీఆర్‌సీఏ1 అనే జన్యువులో లోపం ఉందని తేలింది. నేనూ చేయించుకుంటే పాజిటివ్ వచ్చింది. ఇద్దరు పిల్లలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా అయిపోయింది. ఒక డాక్టరు రెండు రొమ్ములూ తీయించేసుకోమన్నారు, ఇంకొకరు ఏటా ఎంఆర్ఐ చాలన్నారు. జబ్బు లేకుండా కోయించుకోవడమేంటని మా అత్తగారు గొడవ. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ రిపోర్టు తీసి చూడండమ్మా. 'పాథోజెనిక్' (జబ్బు తెచ్చే మార్పు) అనో 'లైక్లీ పాథోజెనిక్' (బహుశా జబ్బు తెచ్చేది) అనో ఉంటేనే ఈ చర్చంతా. 'వీయూఎస్' అని ఉంటే ఆ మార్పు ప్రమాదమా కాదా ఇంకా తేలలేదని అర్థం, దాన్ని పట్టుకుని ఎవరూ ఆపరేషన్ దాకా వెళ్లకూడదు.

నిజంగా పాజిటివే అనుకుందాం. బీఆర్‌సీఏ1 ఉన్న ఆడవాళ్లు వందమందిలో దాదాపు 70 మందికి 80 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ వస్తుంది, కాబట్టి సర్జరీ అన్న డాక్టరు మిమ్మల్ని ఊరికే భయపెట్టలేదు. ఎంఆర్ఐ చాలన్నవాళ్లదీ తప్పు కాదు, రెండూ ఒప్పుకున్న దారులే. తీయించుకుంటే ఆ రిస్కు 90 శాతం పైగా తగ్గుతుంది గానీ పెద్ద ఆపరేషన్, మళ్లీ రొమ్ము ఆకారం కట్టించుకున్నా అక్కడ స్పర్శ చాలావరకు పోతుంది, ఒక్కోసారి రెండో ఆపరేషన్ కూడా పడుతుంది. ఎంఆర్ఐ క్యాన్సర్‌ని ఆపదు, చిన్నగా ఉండగానే పట్టుకుంటుంది అంతే. చిన్నదే అయినా ఈ రకంలో కీమో తప్పకపోవచ్చు. అమ్మనీ అక్కనీ కళ్లారా చూసిన మీకు ఏది భరించగలనో అత్తగారికంటే, నాకంటే మీకే బాగా తెలుస్తుంది. ఈ నెలలోనే తేల్చేయాల్సిన పనైతే కాదు.

స్క్రీనింగే అనుకుంటే ఏటా ఎంఆర్ఐ, ఏటా మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) రెండూ ఉండాలి, చాలామంది ఆరేసి నెలలకి ఒకటి చొప్పున మార్చి చేయిస్తారు. గుంటూరైనా విజయవాడైనా సెంటర్‌కి ఫోన్ చేసి 'బ్రెస్ట్ కాయిల్ ఉందా' అని ముందే అడగండి, అది ఎంఆర్ఐలో రొమ్ముల కోసం వాడే ప్రత్యేక పరికరం. బోర్లా పడుకోబెట్టి, రొమ్ములు ఆ కాయిల్ గుంటల్లోకి వచ్చేలా సర్ది, చేతి నరానికి కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీయాలి, ఈ రెండూ లేకుండా తీస్తే డబ్బు దండగ. నెలసరి మొదలైన ఏడో రోజు నుంచి పదిహేనో రోజులోపు తీయించుకుంటే బొమ్మ స్పష్టంగా వస్తుంది. అప్పుడప్పుడూ ఏదో మచ్చ కనిపించి బయాప్సీ అంటారు, ఎక్కువసార్లు అది ఏమీ కాదు, ఆ టెన్షన్‌కి సిద్ధపడి ఉండండి.

మీరు అడగనిది ఒకటుంది, నాకు అసలు దిగులు దాని గురించే. అండాశయాలు. బీఆర్‌సీఏ1లో వందకి 40 మందికి పైగా అండాశయ క్యాన్సర్ వస్తుంది, దాన్ని ముందే పట్టుకునే నమ్మకమైన టెస్టు ఏదీ లేదు, స్కానింగూ సీఏ-125 రక్తపరీక్షా ఏటా చేయించినా సరే. అందుకే పిల్లలు చాలనుకున్నాక 35 నుంచి 40 ఏళ్ల మధ్య అండాశయాలు, ట్యూబులు తీయించుకోమంటాం. రొమ్ముల సంగతి రెండేళ్లు ఆలోచించుకున్నా పర్లేదు గానీ ఇది మాత్రం వాయిదా వేయొద్దు. మీకు అయిన పిల్లల ఆపరేషన్‌లో ట్యూబులు కట్టేస్తారంతే, అండాశయాలు అక్కడే ఉంటాయి. గర్భసంచి తీయించేసుకున్నాం కదా ఇంకేం భయం అనుకునేవాళ్లూ మన జిల్లాల్లో బోలెడు మంది, అందులో అండాశయాలు తీశారో లేదో డిశ్చార్జ్ కాగితంలో చూసుకోవాలి.

అండాశయాలు తీశాక నెలసరి ఒక్కసారిగా ఆగిపోతుంది, ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు పలచబడటం ఉంటాయి. రొమ్ము క్యాన్సర్ రాని మీలాంటివాళ్లకి కొన్నేళ్లు హార్మోన్ మందులు ఇచ్చే వీలుంది, మీ అక్కకి కుదరదు, ఆవిడ చీటీ చూసి మీరు కొనుక్కోవద్దు, మీ మందులు ఆవిడకి ఇవ్వొద్దు.

అన్నట్టు, మీకు అన్నదమ్ములుంటే వాళ్లకీ టెస్టు చేయించండి. ఈ జన్యులోపం వాళ్లకీ ఉండే అవకాశం సగానికి సగం, వాళ్ల నుంచి కూతుళ్లకీ రావచ్చు. మీ పిల్లలకి మాత్రం ఇప్పుడే వద్దు, 18 దాటాక వాళ్లనే నిర్ణయించుకోనివ్వండి.