పక్కటెముక విరిగితే కట్టు ఎందుకు కట్టరు?

ప్రశ్న: మా నాన్నగారి వయసు 68. మెట్ల మీద జారిపడటంతో ఎడమవైపు రెండు పక్కటెముకలు విరిగాయి. వైద్యులు కట్టు కట్టలేదు. నొప్పి మాత్రలు రాసి, నిండుగా ఊపిరి పీల్చమని, దగ్గు ఆపుకోవద్దని చెప్పి పంపారు. చేయి విరిగితే పిండికట్టు వేస్తారు కదా, ఇది నిర్లక్ష్యం కాదా?

జవాబు: కాదండీ. ఒకప్పుడు ఛాతీ చుట్టూ వెడల్పాటి పట్టీ బిగించేవారు. దానివల్ల మేలు కన్నా కీడే ఎక్కువని తేలాక మానేశారు. కారణం ఆ ఎముకల అమరికలోనే ఉంది. పక్కటెముకలు 12 జతలు. అన్నీ వెనుక వెన్నుపూసలతో కీళ్ల ద్వారా కలుస్తాయి. ముందువైపు మాత్రం మొదటి 7 జతలు తమ తమ మృదులాస్థులతో (ఎముక కొసన ఉండే, వంగే గుణమున్న మెత్తని భాగాలతో) నేరుగా రొమ్ము ఎముకను చేరగా, తర్వాతి 3 జతలు తమ పైనున్న మృదులాస్థిని ఆసరా చేసుకుంటాయి, చివరి 2 జతల కొసలు దేనికీ అతకకుండా కండరాల్లోనే ఆగిపోతాయి. ఈ అమరిక వల్లనే ఊపిరి పీల్చినప్పుడల్లా ఎముకల గూడు పైకీ పక్కలకూ విచ్చుకుంటుంది. ఊరికే కూర్చున్నా నిమిషానికి 12 నుంచి 20 సార్లు కదిలే ఎముకను కదలకుండా కట్టాలంటే ఊపిరినే కట్టేయాలి. విరిగిన ముక్కలను ఇరుగుపొరుగు ఎముకలు, మధ్యనున్న కండరాలే చాలావరకు పట్టి ఉంచుతాయి కనుక సాధారణంగా 6 వారాల ప్రాంతంలో అవి అతుక్కుంటాయి.

అసలు చిక్కు నొప్పితోనే. ప్రతి పక్కటెముక కింది అంచు వెంట ఉన్న గాడిలో రక్తనాళాలతో పాటు ఛాతీ గోడకు స్పర్శనిచ్చే నరం సాగుతుంది. నొప్పికి జడిసి రోగి పైపైన ఊపిరి తీస్తూ దగ్గును అణచుకుంటే, కఫం ఊపిరితిత్తుల్లో పేరుకుని న్యుమోనియాకు దారితీయవచ్చు. వయసు పైబడినవారిలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. మాత్రలు రాసింది అందుకే. పెద్దవారు చాలామంది ‘ఓర్చుకోగలను’ అంటూ వాటిని మానేస్తారు, అది ఓర్పు చూపవలసిన చోటు కాదు. మాత్రలు చాలకపోతే ఆ నరానికే మత్తు ఇంజెక్షన్ ఇచ్చే పద్ధతి ఉంది. దగ్గేటప్పుడు చిన్న దిండును ఆ పక్కకు అదిమి పట్టుకుంటే కొంత ఉపశమనం ఉంటుంది.

విరిగినవి పైనుంచి లెక్కిస్తే ఎన్నో ఎముకలో మీరు రాయలేదు. ఎడమవైపు 9, 10, 11 ఎముకల చాటున ప్లీహం (స్ప్లీన్, రక్తాన్ని వడగట్టే మెత్తని అవయవం) ఉంటుంది. దాని గాయం తొలిరోజే బయటపడకపోవచ్చు. ఎడమ డొక్కలో నొప్పి పెరిగినా, ఎడమ భుజంలోకి నొప్పి పాకినా, కళ్లు తిరిగినా, ఆయాసం, జ్వరం, కఫంలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.