షట్‌డౌన్‌లో ఇంటికి పంపిన ఉద్యోగుల లెక్క ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న: మా అన్న కూతురు అమెరికా పౌరురాలు, అక్కడి కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగి. 2025 అక్టోబరులో షట్‌డౌన్ వచ్చినప్పుడు ఆమెను పనికి రావద్దన్నారు. ఉద్యోగం పోయిందనీ, ఆ జీతం ఇక రాదనీ ఇక్కడి బంధువులు ఇప్పటికీ అంటున్నారు. ఏ శాఖ ఎంతమందిని ఇంటికి పంపిందో అక్కడి ప్రభుత్వం బయటపెడుతుందా? మన సమాచార హక్కు చట్టం వంటిది అక్కడ ఉందా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ప్రొద్దుటూరు, కడప జిల్లా

జవాబు: మాస్టారూ, ముందు మీ బంధువులకు ధైర్యం చెప్పండి. అక్కడి పార్లమెంటు అయిన కాంగ్రెస్ సకాలంలో నిధులు మంజూరు చేయకపోతే వచ్చేదే షట్‌డౌన్. అప్పుడు మంజూరు కాని డబ్బును ఖర్చు పెట్టరాదనే పాత చట్టం వల్ల, ప్రాణరక్షణకూ ఆస్తిరక్షణకూ తప్పనిసరి కాని ఉద్యోగులను ఇంటి వద్దే ఉండమంటారు. ఉద్యోగం మాత్రం అలాగే ఉంటుంది. ఆగిన జీతాన్ని షట్‌డౌన్ ముగిశాక చెల్లించాలని 2019 జనవరిలో చట్టం చేశారు. 2025లో వైట్‌హౌస్ దానికి వేరే అర్థం చెప్పజూసినా, నవంబరు 12న 43 రోజుల షట్‌డౌన్‌కు తెరదించిన చట్టం బకాయి జీతాల హామీని మళ్లీ స్పష్టం చేసింది. ఆ రోజుల్లో కొందరికి నిజంగానే తొలగింపు నోటీసులు వెళ్లాయి. మీ బంధువుల అనుమానం బహుశా అక్కడ పుట్టి ఉంటుంది. అయితే ఆ నోటీసులను కూడా అదే చట్టం రద్దు చేసింది.

ఇక లెక్కల విషయం. నిధులు ఆగితే ఏం చేయాలో ప్రతి శాఖా ముందుగానే ప్రణాళిక రాసుకోవాలి. మొత్తం ఉద్యోగులెందరు, పనిలో ఎందరు ఉంటారు, ఏ కారణంతో ఉంటారు అన్న వివరాలు అందులో ఉంటాయి. శాఖల వెబ్‌సైట్లలో వాటిని ఎవరైనా చదువుకోవచ్చు. ఇది మెచ్చుకోదగిన పద్ధతే గాని, అందులో ఉండేది ముందస్తు అంచనా మాత్రమే. 2018 డిసెంబరు 22న మొదలై 35 రోజులు సాగిన షట్‌డౌన్‌లో, పన్ను రిటర్నుల కాలం దగ్గర పడగానే, అక్కడి ఆదాయపు పన్ను విభాగం 46 వేల మందికి పైగా సిబ్బందితో పని చేయించాలని నిర్ణయించింది. మొదట ప్రకటించిన అంకెను పట్టుకుని కూర్చున్నవారికి అసలు సంగతి ఎలా తెలుస్తుంది?

ముగిసిన తరువాత లెక్క చెప్పడంలోనే అసలు లోపముంది. 2013లో 16 రోజుల షట్‌డౌన్ తరువాత, ఉద్యోగులు ఇంటి వద్ద ఉండిపోయిన రోజులన్నీ కలిపి 66 లక్షలని వైట్‌హౌస్ బడ్జెట్ కార్యాలయం నివేదిక ఇచ్చింది. 2019లో అక్కడి ఎగువ సభ అయిన సెనేట్ ఉపసంఘం ఇలాంటి వివరాలే అడిగితే, రక్షణ, వ్యవసాయ, న్యాయ శాఖలతో సహా కొన్ని శాఖలు పూర్తిగా చెప్పలేకపోయాయి. పని జరగని రోజులకు కూడా చివరికి జీతం చెల్లించేది ప్రజల పన్నులతోనే కనుక, ఏ రోజు ఎందరు ఇంట్లో ఉన్నారో, ఎందరిని తిరిగి పిలిచారో ప్రతి శాఖా తనంతట తానే ప్రకటించాలని మా దృఢమైన అభిప్రాయం. పేర్లు అక్కరలేదు, సంఖ్యలు చాలు.

అక్కడ సమాచార చట్టం 1966లోనే వచ్చింది. జవాబుకు గడువు 20 పనిదినాలు. కానీ షట్‌డౌన్‌లో ఆ దరఖాస్తులు చూసే సిబ్బందినే చాలా శాఖలు ఇంటికి పంపుతాయి. మన 2005 చట్టంలోని 4వ సెక్షన్, ఉద్యోగుల జాబితానూ నెలసరి వేతనాలనూ ఎవరూ అడగకముందే ప్రకటించాలంటుంది.

మన దగ్గర ఇటువంటి స్తంభన రాకపోవడానికి కారణం రాజ్యాంగంలోని 116, 206 అధికరణలు: పూర్తి బడ్జెట్ ఆలస్యమైతే ఓట్ ఆన్ అకౌంట్‌తో, అంటే కొంతకాలపు ఖర్చుకు చట్టసభ ముందుగా ఇచ్చే అనుమతితో, జీతాలు సాగుతాయి. ఉరవకొండ శాసనసభ్యుడు, ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్ 2024 నవంబరులో పూర్తి బడ్జెట్ ప్రవేశపెట్టేదాకా, ఆ ఏడాది మన రాష్ట్రం ఓట్ ఆన్ అకౌంట్‌తోనూ, తరువాత ఆర్డినెన్సుతోనూ నడిచింది.

మీ అన్న కూతురిని, పనికి రావద్దని ఇచ్చిన నోటీసునూ ఆ కాలపు జీతపు చీటీలనూ భద్రపరచుకోమనండి. ఆ రోజులకు నిరుద్యోగ భృతి తీసుకుని ఉంటే, బకాయి జీతం అందాక దానిని సాధారణంగా తిరిగి కట్టవలసి ఉంటుంది.