క్యాసెట్ ఏసీ పెట్టించే ముందు నీళ్ల దారి చూసుకోండి

జడ్చర్లలో పై అంతస్తులో 20×30 అడుగుల బట్టల షాపు, స్లాబు ఎత్తు 11 అడుగులు, 9 అడుగుల దగ్గర ఫాల్స్ సీలింగ్ వేయిస్తున్నం, నడుమ ఒక్క 4 టన్నుల క్యాసెట్ (సీలింగ్‌లో ఇమిడి ఉండే ఏసీ) సరిపోతదా, ఏ కంపెనీది తీసుకోవాలె అని అడిగిన్రు.

సరిపోదు. మీది పై అంతస్తు. మే నెలలో పొద్దంతా కాలిన స్లాబు రాత్రి 8 దాకా వేడి కక్కుతనే ఉంటది, బట్టల షాపుకు గిరాకీ వచ్చేదీ ఆ టైములోనే. ఎండ నేరుగా తగిలే స్లాబు కింద 100 చదరపు అడుగులకు ఒక టన్ను లెక్క వేసుకోవాలె. మీద ఇంకో అంతస్తు ఉంటే 140, 150 దాకా పోవచ్చు. మీ 600 అడుగులకు 3 టన్నులవి రెండు కావాలె. షాపును 20×15 చొప్పున రెండు సగాలు అనుకుని, ఒక్కో సగం నట్టనడుమ ఒకటి పెట్టించండి. ఒకటి ఆగినా ఇంకోటి నడుస్తది.

కంపెనీ గురించి ఎక్కువ ఆలోచించకండి. మహబూబ్‌నగర్ నుంచి అదే రోజు మెకానిక్‌ను పంపగలిగే కంపెనీ ఏదైనా తీసుకోండి. క్యాసెట్ మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం యంత్రానివి కావు, బిగింపువి. అందులోనూ నీళ్లు బయటికి పోయే డ్రైన్ పైపువి.

అది ఎట్ల జరుగుతదో చెప్తా. ఏసీలు బిగించేది మార్చి, ఏప్రిల్‌లో. అప్పుడు మన దిక్కు గాలి ఎండిపోయి ఉంటది, కాయిల్ మీద నీళ్లు పెద్దగా పట్టవు. చల్లగాలి వచ్చిందా, వచ్చింది, పైసలు ఇచ్చి పంపిస్తరు. జులైలో ముసురు పట్టంగనే అదే 3 టన్నుల యూనిట్ గంటకు 3 లీటర్లకు పైన నీళ్లు వదులుతది. క్యాసెట్‌లో నీళ్లు వాటంతట అవి కిందికి పోవు, లోపల చిన్న పంపు వాటిని పైకి ఎత్తి పైపులో పోస్తది. రిమోట్‌తో ఆపితే ఆ పంపు ఇంకో కొద్ది నిమిషాలు నడిచి, కాయిల్ కింద నీళ్లు పడే ట్రేను ఖాళీ చేస్తది. కరెంటు పోతే మాత్రం అక్కడికక్కడే ఆగుతది. పైపు బయటి దిక్కు వాలుంటే, నిలువు ముక్కలో ఉన్న పావు లీటరు మాత్రమే వెనక్కి పడతది, ట్రే దాన్ని పట్టుకుంటది. పైపు వెనక్కి వాలి ఉంటేనో? 25 మి.మీ. పైపు 5 మీటర్లు సగం నిండి ఉన్నా లీటరు పైన నీళ్లు ఒక్కసారి ట్రేలోకి వస్తయి. ట్రే పొంగి, కింద కనిపించే ప్యానెల్ అంచు నుంచి కింద పరిచిన పట్టుచీరల మీద పడతయి. శ్రావణమాసం, పెండ్లిళ్ల గిరాకీ, షాపు నిండ జనం. మెకానిక్ వచ్చి ‘గ్యాస్ తక్కువైంది’ అని గ్యాస్ నింపి పోతడు. మళ్లీ కరెంటు పోంగనే మళ్లీ కారుతది.

అందుకని ఇప్పుడే కాయితం మీద పైపు దారి గీసుకోండి. చాలా మోడళ్లలో పంపు సీలింగ్ మట్టం నుంచి 750 మి.మీ. దాకా ఎత్తుతది, మీ మోడల్ పుస్తకంలో చూసుకోండి. యూనిట్ నుంచి 300 మి.మీ. లోపలనే పైపు నిట్టనిలువుగా లేవాలె. అక్కడి నుంచి ప్రతి మీటరుకు కనీసం 1 సెం.మీ. వాలు. ముందు క్యాసెట్ నుంచి వెనక గోడకు దాదాపు 7 మీటర్లు, అంటే 3 అంగుళాల వాలు. మీకు సీలింగ్ పైన 24 అంగుళాల జాగా ఉంది. బీము స్లాబు కిందికి 9 అంగుళాలు దిగి ఉంటే మిగిలేది 15. పైపు 13 అంగుళాల ఎత్తులో మొదలై గోడ దగ్గర 10కి దిగితే బీము కిందినుంచి హాయిగా పోతది. ఎవరు చెప్పినా సరే, బీముకు రంధ్రం మాత్రం కొట్టనివ్వకండి. పైపుకు మీటరుకొక హ్యాంగర్ ఉండాలె, లేకపోతే పైపు నడుమ ఉయ్యాల లెక్క వంగి అక్కడ నీళ్లు నిలుస్తయి. రెండు క్యాసెట్లకు కలిపి ఒకే పెద్ద పైపు వేస్తే 32 లేదా 40 మి.మీ.ది వేయించి, ఒక్కో యూనిట్ పైపును దాంట్లోకి పైనుంచి కలపాలె. పక్కనుంచో కిందినుంచో కలిపితే ఒకదాని నీళ్లు ఇంకోదాంట్లోకి తంతయి. సీలింగ్ పైన ఉన్న డ్రైన్ పైపు మొత్తానికి ఇన్సులేషన్ తొడగాలె, లేకుంటే పైపు బయట చెమట పట్టి జిప్సం బోర్డు మీద పసుపు మరకలు వస్తయి. బయటి కొసను మోరీ పైపులో దూర్చొద్దు, వాసన లోపలికి వస్తది.

బిగించిన రోజే పరీక్ష చేయించండి, ఏప్రిల్ అయినా సరే. కూలింగ్‌లో నడుపుతూ, పొడుగు ముక్కు ఉన్న జగ్గుతో ట్రేలో 2 లీటర్ల నీళ్లు మెల్లమెల్లగా పోసి, బయటి కొస దగ్గర నీళ్లు వస్తున్నయో లేదో ఒక మనిషిని నిలబెట్టి చూడాలె. నీళ్లు పారుతుండగనే ఎంసీబీ దించి కరెంటు ఆపేయండి. 15 నిమిషాలు ఆగండి. యూనిట్ అంచు పొడిగా ఉంటేనే ఫాల్స్ సీలింగ్ వాళ్లను లోపలికి రానివ్వండి.

ఈ ఫాల్స్ సీలింగ్ వాళ్ల గురించి ఒక మాట. ఏసీ పైపులు పడకముందే బోర్డులు మూసేసి, తర్వాత కోయమంటరు. వరుస ఇట్ల ఉండాలె: ముందు రాడ్లు, క్యాసెట్, పైపులు, వైర్లు, పరీక్ష, ఆ తర్వాతే బోర్డు. పంపు ఉన్న దిక్కు 450×450 మి.మీ. తలుపు ఒకటి పెట్టమని ముందే చెప్పండి. అది లేని షాపుల్లో 10 నిమిషాల పంపు రిపేరుకు సీలింగ్ పగలగొడుతున్నరు. పెద్ద క్యాసెట్ బాడీ సాధారణంగా 840 మి.మీ. చదరం, ప్యానెల్ 950. కోత 910 దాటితే ప్యానెల్ కప్పదు. ప్యానెల్‌కు, బోర్డుకు నడుమ సందు ఉంటే చల్లగాలి సీలింగ్ మీదికి పోయి అక్కడ కూడా చెమట పడతది.

క్యాసెట్‌ను సీలింగ్ ఫ్రేముకు వేలాడదీయొద్దు, స్లాబుకే. 10 మి.మీ. యాంకర్ బోల్టులు, మరలు ఉన్న రాడ్లు నాలుగు, బ్రాకెట్‌కు కింద పైన నట్లు, వాషర్లు. మట్టం మేస్త్రీల నీళ్ల లెవల్ పైపుతో నాలుగు మూలలా చూడాలె. డ్రైన్ ఉన్న మూల పైకి లేస్తే నీళ్లు అవతల పక్క చేరతయి, నీళ్లు ఎక్కువైతే ఏసీని ఆపే ఫ్లోట్ స్విచ్‌కు తెలవనే తెలవదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ పాత బజార్లలో గర్డర్ల మీద బండలు పరిచిన కప్పులు ఇంకా ఉన్నయి. ఆ బండకు డ్రిల్ పెట్టకండి, పగులుతది. గర్డర్ నుంచి గర్డర్‌కు యాంగిల్ వేసి దానికి వేలాడదీయాలె.

రాగి పైపుల సైజు యూనిట్ మీద రాసిందే వేయాలె. రెండు పైపులకూ విడివిడిగా ఇన్సులేషన్ ఉండాలె, రెండూ కలిపి ఒకే చుట్టు చుడితే పనికిరాదు. మంటతో అతుకు పెట్టేటప్పుడు పైపు లోపల నైట్రోజన్ సన్నగా పారుతుండాలె, లేకుంటే నల్లటి పొక్కు లేచి వాల్వులో ఇరుక్కుంటది. తర్వాత నైట్రోజన్‌ను కంపెనీ చెప్పిన ఒత్తిడి దాకా మెల్లగా ఎక్కించి ఒక రోజు వదలాలె. మధ్యాహ్నం 600 పీఎస్ఐ ఉన్నది తెల్లారి 580 చూపిస్తే భయపడకండి, 10 డిగ్రీలు చల్లబడితే అంత తగ్గుడు మామూలే. మళ్లీ మధ్యాహ్నానికి 600కు రాకపోతే లీకు ఉన్నట్టు, సబ్బునీళ్లతో ప్రతి అతుకూ వెతకాలె. ఆ తర్వాత వ్యాక్యూమ్ పంపు పెట్టి గేజు 500 మైక్రాన్లు చూపేదాకా గాలి లాగాలె. గ్యాస్ కొద్దిగా వదిలి గాలి వెళ్లగొట్టే పాత పద్ధతి ఒప్పుకోకండి. మీ ఏసీలో ఆర్-32 ఉంటే అది మండే స్వభావం ఉన్న గ్యాసు, పైగా ఆ పద్ధతిలో తేమ లోపలనే ఉండిపోతది.

బయట పెట్టే అవుట్‌డోర్ యూనిట్ పడమటి గోడకు, రేకుల కింద వద్దు. అది వదిలిన వేడిగాలి మళ్లీ అదే పీలిస్తే 44 డిగ్రీల ఎండలో కంప్రెసర్ ట్రిప్ అయితది. ఒక్కోదానికి వేరే ఎంసీబీ, వేరే ఎర్తింగ్. 3 ఫేజు మోడల్ అయితే ఫేజుల వరుస సరిచూడాలె.

ఫిల్టర్లు 15 రోజులకోసారి కడగండి. బట్టల నూగు బాగా పడతది. కాయిల్ కడగడానికి మాత్రం మన బోరు నీళ్లు వాడొద్దు. ఆ ఉప్పు నీళ్లు ఆరినంక కాయిల్ సన్న రేకుల మీద తెల్లగా పేరుకుని, రెండు మూడేండ్లకు గాలి దూరకుండా అయితది. నల్లాకు వచ్చే మిషన్ భగీరథ నీళ్లో, పట్టిపెట్టుకున్న వాన నీళ్లో ఇచ్చి కడిగించండి.